కొత్త గేమ్‌లో రియలిజం నిజంగా ఉందో లేదో ఎలా చూడాలి, రాబోయే గేమ్స్ నుంచి ఏం అడగాలి

కొత్త గేమ్ ట్రైలర్ రాగానే అందరం చేసే పని ఒకటే, పాజ్ చేసి జూమ్ చేసి మొహం మీద చెమట కనిపిస్తోందా, జుట్టు విడివిడిగా ఊగుతోందా అని చూస్తాం, చూసి వావ్ అనుకుని నలుగురికి షేర్ చేస్తాం. తీరా గేమ్ చేతికొచ్చాక మొదటి గంటలోనే టేబుల్ మీదున్న గాజు గ్లాసుని తుపాకీతో కొడితే అది పగలడం మాట అటుంచి కదలను కూడా కదలదు. గోడ మీద రాకెట్ పేలిస్తే నల్లటి మరక పడుతుంది, అటు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగేసరికి ఆ మరక కూడా మాయం.

నా ఒపీనియన్ ముందే చెప్పేస్తా. కంటికి కనిపించే రియలిజం ఎలాగూ వస్తుంది, మనం అడిగినా అడక్కపోయినా వస్తుంది, గ్రాఫిక్స్ కార్డులు అమ్ముకునేవాళ్లకి అది కావాలి కాబట్టి. మనం పట్టుబట్టి అడగాల్సింది ఇంకోటి ఉంది: నేనొక పని చేస్తే ఆ ప్రపంచం తిరిగి నాకేం చేస్తుంది, చేసింది ఎంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. ఇది ఉందో లేదో ఎలా పట్టుకోవాలి, లేకపోతే డెవలపర్లకి ఎలా చెప్పాలి అన్నదే ఈ గైడ్. ఏ గేమ్ మీదైనా ట్రై చేయొచ్చు, కోడింగ్ రానక్కర్లేదు.

ముందు లైటింగ్ సంగతి

దీంతో మొదలెట్టడానికి కారణం ఉంది, కింద ఫిజిక్స్ దగ్గరికొచ్చాక అర్థమవుతుంది. రే ట్రేసింగ్, అంటే వెలుగు కిరణాలు ఎటు వెళ్లి దేన్ని తాకుతాయో లెక్కేసి బొమ్మ గీయడం, ఏమీ కొత్తది కాదు, టర్నర్ విటెడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దాని మీద పేపర్ 1980లోనే వేశాడు, కాకపోతే సినిమాల వాళ్లు ఒక్క ఫ్రేమ్‌కి గంటల టైమ్ ఇవ్వగలరు, గేమ్‌కి అంత తీరిక ఎక్కడిది. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేమ్‌లు, అంటే 60 బొమ్మలు) కావాలంటే ఒక ఫ్రేమ్‌కి 16.6 మిల్లీ సెకన్లు, 30 చాలు అనుకుంటే 33.3, అంతే బడ్జెట్. ఆ కాస్త టైమ్‌లోనే వెలుగు, ఫిజిక్స్, ఏఐ, యానిమేషన్, సౌండ్ అన్నీ సర్దుకోవాలి. ఈ నంబర్ ఒక్కటి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

2018లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ కార్డులు వచ్చాక మొదట బాటిల్‌ఫీల్డ్ 5 లాంటి వాటిలో రే ట్రేసింగ్‌ని రిఫ్లెక్షన్లకి మాత్రమే వాడారు, 2023 కల్లా సైబర్‌పంక్ 2077లో సీన్‌లో వెలుగు మొత్తాన్నీ అలాగే లెక్కేసే పాత్ ట్రేసింగ్ మోడ్ వచ్చేసింది, 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ అయితే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డు మీద అసలు ఓపెనే అవ్వదు. అంటే ఈ రూట్ ఖరారైపోయింది, దీని కోసం మనం దణ్ణాలు పెట్టుకోవాల్సిన పనిలేదు.

టెస్ట్ ఎలా అంటే, నీళ్ల గుంట దగ్గర నిలబడి అందులో ఎదుటి బిల్డింగ్ నీడ చూస్తూ కెమెరాని మెల్లగా కిందకి దించండి. బిల్డింగ్ స్క్రీన్ మీద నుంచి తప్పుకోగానే గుంటలో ప్రతిబింబం కూడా చెరిగిపోయిందంటే అది స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్, స్క్రీన్ మీద ఉన్నదాన్నే కాపీ కొట్టి తిప్పి పెడుతోంది. రెండోది, ఏదైనా దీపం ఆర్పి చూడండి లేదా పగలగొట్టండి. దీపం ఆరినా గోడ మీద వెలుగు అలాగే ఉంటే అది ముందే లెక్కగట్టి గోడకి అంటించేసిన వెలుగు, దీన్నే బేక్డ్ లైటింగ్ అంటారు. మూడోది అద్దం. 1996లో డ్యూక్ న్యూకెమ్ 3డీ లోనే అద్దాలు పనిచేశాయి, అద్దం వెనకాల గదిని ఇంకోసారి తిప్పి గీసి మేనేజ్ చేశారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో పెద్ద గేమ్స్‌లో మాత్రం ప్రతి బాత్రూమ్ అద్దానికీ దుమ్ము పట్టే ఉంటుంది, లేదా పగిలి ఉంటుంది, ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఎఫ్‌పీఎస్ నంబర్ దగ్గర కూడా కాస్త జాగ్రత్త. 2022లో ఎన్విడియా వాళ్ల డీఎల్‌ఎస్‌ఎస్ 3 టెక్నాలజీతో ఫ్రేమ్ జనరేషన్ వచ్చింది, అంటే రెండు నిజం ఫ్రేమ్‌ల మధ్య ఒకటి ఏఐ తయారుచేసి పెడుతుంది. కంటికి స్మూత్‌గానే ఉంటుంది, కానీ ఆ మధ్య ఫ్రేమ్‌కి మీరు నొక్కిన బటన్ సంగతి తెలియదు, కాబట్టి నంబర్ పెరిగినంతగా చేతికి రెస్పాన్స్ పెరగదు. మెనూలో ఫ్రేమ్ జనరేషన్ ఆఫ్ చేసి ఒకసారి ఆడి చూసుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

ఇక అసలు టెస్ట్: ముట్టుకోండి, విరగ్గొట్టండి, తగలబెట్టండి

గేమ్‌లోకి వెళ్లగానే స్టోరీ మిషన్ పక్కన పెట్టి ఒక గదిలోకి దూరి కనిపించినవన్నీ కదిపి చూడండి. కుర్చీ పడుతుందా, పడితే మెట్ల మీద నుంచి దొర్లుతుందా, తలుపుకి అడ్డం పెడితే శత్రువు ఆగుతాడా. హాఫ్ లైఫ్ 2 ఇవన్నీ 2004లోనే చూపించింది, గ్రావిటీ గన్‌తో రంపం బ్లేడు ఎత్తి విసిరితే అదే ఆయుధం. అంతకు ముందు 2001లో రెడ్ ఫ్యాక్షన్ వచ్చింది, అందులో రాకెట్లతో కొడుతూ పోతే రాతి గోడలో సొరంగం తవ్వుకోవచ్చు. ఇరవై ఏళ్లకి పైగా అయ్యింది, మరి ఇప్పుడు ప్రతి గేమ్‌లో గోడలు కూలాలి కదా, ఎందుకు కూలట్లేదు?

కారణాలు చాలానే ఉన్నాయి గానీ ముఖ్యమైంది పైన చెప్పిన బేక్డ్ లైటింగ్. వెలుగుని ముందే లెక్కగట్టి గోడకి అంటించేశాక ఆ గోడ కూలితే లెక్క మొత్తం తప్పు, ఎండ లోపలికి రావాలి, రాదు. సో గోడ కూలకుండా ఉంటేనే వాళ్లకి సేఫ్. అదీ కాక తాళం వేసిన తలుపు పక్కన గోడ బద్దలుకొట్టుకుని వెళ్లిపోతే లెవల్ డిజైనర్ రాసుకున్న కథంతా గోవిందా, శత్రువులు నడిచే దారులు మళ్లీ లెక్కెయ్యాలి, మల్టీప్లేయర్ అయితే కూలిన ప్రతి ముక్కా అందరి స్క్రీన్ మీదా ఒకే చోట ఉండాలి. అందుకే రే ట్రేసింగ్ మీద నేను పెట్టుకున్న ఆశ నీటి గుంటల్లో నియాన్ లైట్ల కోసం కాదు. వెలుగు ఎప్పటికప్పుడు లెక్కేసేది అయితే గోడ ఫిక్స్‌డ్‌గా ఉండాల్సిన మొదటి కారణం పోతుంది. టియర్‌డౌన్ ఆడినవాళ్లకి ఇది తెలుసు, 2020లో ఎర్లీ యాక్సెస్‌లో (పూర్తి కాకముందే అమ్మకానికి పెట్టడం) వచ్చింది, మొత్తం వాక్సెల్స్ (చిన్న చిన్న ఘనాలు), చూడ్డానికి బొమ్మ ఇటుకల్లా ఉంటుంది కానీ పైకప్పుకి చిల్లు పెడితే ఆ చిల్లులోంచి నిజంగానే వెలుగు గదిలో పడుతుంది. మల్టీప్లేయర్ ప్రాబ్లమ్‌కి కూడా దారి దొరికింది, 2023 డిసెంబర్‌లో వచ్చిన ద ఫైనల్స్‌లో బిల్డింగులు కూలడం సర్వర్ లెక్కేస్తుంది, కాబట్టి అందరికీ ఒకే శిథిలం కనిపిస్తుంది. చేయొచ్చని తేలిపోయింది, ఇప్పుడు దాన్ని పెద్ద కథ గేమ్స్‌లోకి తీసుకురమ్మని అడగడమే మిగిలింది.

తర్వాత నిప్పు, నీళ్లు. గడ్డికి నిప్పు పెట్టండి. మంట ఒక చోటే వెలిగి ఆరిపోతే అది డెకరేషన్, గాలివాటున పాకితే సిస్టమ్. 2017 నాటి బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ చూడ్డానికి కార్టూన్, కానీ అందులో గడ్డి అంటుకుంటే వేడి గాలి పైకి లేస్తుంది, ఆ గాలి మీద గ్లైడర్‌తో ఎగరొచ్చు, ఉరుముల వానలో ఇనప కత్తి పట్టుకుని తిరిగితే పిడుగు మన నెత్తినే పడుతుంది, మంట దగ్గర పెడితే మంచు కరుగుతుంది. ఏ వస్తువుకి ఏం తగిలితే ఏమవ్వాలో రూల్స్ రాశారు, అంతే, ప్రతి సీన్‌కి విడిగా స్క్రిప్ట్ రాయలేదు. ఫోటో లాంటి గ్రాఫిక్స్ ఉన్న చాలా గేమ్స్ కన్నా ఇది రియల్‌గా ఎందుకు అనిపిస్తుందంటే, "ఇలా చేస్తే ఏమవుద్దో" అని మనకి డౌట్ వచ్చినప్పుడల్లా గేమ్ దగ్గర ఆన్సర్ ఉంటుంది. నీళ్ల విషయంలో మాత్రం చాలా పెద్ద గేమ్స్ ఇంకా వెనకే ఉన్నాయి, అలలు అద్భుతం, నురగ అద్భుతం, గట్టుకి చిన్న గండి కొట్టి చూడండి, ఒక్క చుక్క బయటికి రాదు.

ఈ లైన్‌లో ఎంత దూరం వెళ్లొచ్చో చూడాలంటే డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ కథ వినాలి. 2006లో వచ్చిన గేమ్, మొదట్లో బొమ్మలు కూడా లేవు, అక్షరాలే, మీ పిల్లి అంటే స్క్రీన్ మీద ఒక అక్షరం. ఒక అప్‌డేట్ తర్వాత పిల్లులు వరసపెట్టి చచ్చిపోవడం మొదలైంది, ఎవరికీ అర్థం కాలేదు. చివరికి తేలిందేంటంటే బార్లలో కింద ఒలికిన బీరులో పిల్లులు నడుస్తున్నాయి, పాదాలకి అంటింది, పిల్లులు పాదాలు నాక్కుంటాయి కదా, నాక్కున్నప్పుడల్లా ఒక ఫుల్ మగ్గు తాగినట్టు గేమ్ లెక్కేస్తోంది. బగ్గే, కానీ ఎంత అందమైన బగ్గు! ఎవరూ పిల్లి చావుని స్క్రిప్ట్‌గా రాయలేదు, రూల్స్ కలిసి ఆ కథ పుట్టించాయి.

సైజ్ చూసి మోసపోవద్దు అన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2020 మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో భూమి మొత్తం ఉంది, నిజం వాతావరణమే లైవ్‌లో వస్తుంది, ఆ ఏడాది ఆగస్టులో లారా హరికేన్ వచ్చినప్పుడు జనం గేమ్‌లో విమానాలేసుకుని అందులోకి దూరారు. ఎగరడానికి అదే కావాలి కాబట్టి సూపర్. అదే మ్యాప్ మీద దిగి ఏదో ఒక ఇంటి తలుపు తీద్దామనుకుంటే ఏమీ లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదు లెండి. మీరు ఆడే జానర్‌కి ఏ లోతు కావాలో ముందు మీరు తేల్చుకోవాలి.

మనుషులతో ఏం చెయ్యాలి

మొహాల గురించి పెద్దగా చెప్పను. జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే అన్నాడు, బొమ్మ మనిషికి దగ్గరయ్యే కొద్దీ నచ్చుతుంది, మరీ దగ్గరికొచ్చి కాస్త తేడా మిగిలితే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది అని. 2011లో ఎల్.ఏ. నోయర్ 32 కెమెరాలతో నటుల మొహాలు రికార్డ్ చేసింది, మొహం బతికున్నట్టే ఉంటుంది, కానీ శరీరం విడిగా క్యాప్చర్ చేశారు, అందుకే మెడ కింద నుంచి వేరే మనిషి అన్నట్టు ఉంటుంది. కాబట్టి మొహం చూసేటప్పుడు భుజాలు, చేతులు కూడా చూడండి, అబద్ధం అక్కడే దొరుకుతుంది.

ప్రవర్తన టెస్ట్‌కి ఓపిక కావాలి. ఎవరో ఒక ఎన్‌పీసీని (కంప్యూటర్ నడిపే పాత్రని) పట్టుకుని గేమ్‌లో ఒక రోజంతా వాడి వెనకే తిరగండి. తింటాడా, నిద్రపోతాడా, వాన పడితే ఎక్కడికైనా పరిగెడతాడా, లేక ఒకే వీధిలో అటూ ఇటూ తిరుగుతూ మీరు కనబడ్డప్పుడల్లా అదే డైలాగ్ కొడతాడా. దారికి అడ్డం నిలబడండి. వాడి ముందే వాడి వస్తువు తీసుకోండి. తర్వాత ఊరు దాటిపోయి, ఒక మిషన్ చేసుకుని మళ్లీ రండి. గుర్తుందా? చాలా గేమ్స్ ఈ చివరి స్టెప్ దగ్గరే బోల్తా పడతాయి, ఎంత ఖర్చుపెట్టి తీసినవైనా సరే.

మెమరీ విషయంలో నాకు బాగా నచ్చింది 2014 షాడో ఆఫ్ మోర్డోర్‌లో నెమెసిస్ సిస్టమ్. మిమ్మల్ని చంపిన మామూలు ఓర్క్ (రాక్షస సైనికుడు) ప్రమోషన్ కొట్టేసి, పేరు పెట్టుకుని, తర్వాత కనబడ్డప్పుడు ఎగతాళి చేస్తాడు, మీరు కాల్చి వదిలేసినవాడు కాలిన మొహంతో తిరిగొస్తాడు. దాన్ని అందరూ కాపీ కొట్టి ఇంకా పెద్దది చేస్తారనుకుంటే వార్నర్ బ్రదర్స్‌కి 2021లో పేటెంట్ వచ్చింది, 2036 దాకా నడుస్తుంది, గేమ్ తీసిన మోనోలిత్ స్టూడియోని 2025లో మూసేశారు. ఇదీ పరిస్థితి. రియలిజానికి అడ్డం ఎప్పుడూ హార్డ్‌వేరే అనుకుంటాం గానీ కొన్నిసార్లు లాయర్లు కూడా.

ఇప్పుడు అందరి నోటా ఏఐ ఎన్‌పీసీలే, మైక్‌లో మనం ఏదడిగినా మాట్లాడేవి. ఎన్విడియా 2023లో ఏస్ అని డెమో చూపించింది. నాకు సగం ఆశ, సగం అనుమానం. మాట్లాడటం ఒక్కటే వస్తే ఏం లాభం, "రాత్రికి గేటు తీసి ఉంచుతా" అని చెప్పి, రాత్రి వెళ్తే గేటు అలాగే మూసి ఉంటే, అది పాత ఫిక్స్‌డ్ డైలాగ్ కన్నా ఘోరం. కాబట్టి ఇలాంటి గేమ్ వస్తే కబుర్లు చెప్పించుకోవద్దు, ఒక మాట తీసుకోండి, ఆ మాట గేమ్‌లో జరుగుతుందో లేదో చూడండి. అన్నట్టు తెలివి కనిపించడానికి ప్రతిసారీ కొండలు పిండి చెయ్యక్కర్లేదు, 2005లో ఫియర్ గేమ్‌లో సైనికులు ఇప్పటికీ జనం తలుచుకునేంత తెలివిగా అనిపిస్తారు, అందులో ప్లానింగ్ సిస్టమ్ ఎంత పనిచేసిందో వాళ్లు ఒకరికొకరు అరుచుకునే మాటలూ అంతే పనిచేశాయి. వాళ్లేం చేస్తున్నారో మన చెవిన పడుతుంది, మిగతాది మనమే ఊహించుకుని భయపడతాం.

సౌండ్ టెస్ట్ ఈజీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని, మాట్లాడుతున్న మనిషి వైపు కెమెరా తిప్పడానికి ట్రై చెయ్యండి. కళ్లు తెరిచాక వాడు ఎదురుగా ఉన్నాడంటే పాస్. తర్వాత గోడ చాటుకి వెళ్లండి, గొంతు మూసుకుపోయినట్టు అవ్వాలి.

ట్రైలర్ చూసేటప్పుడు

2005లో ఈ3 అనే గేమ్స్ షోలో కిల్‌జోన్ 2 వీడియో చూసి జనం పిచ్చెక్కిపోయారు, అది ముందే తీరిగ్గా రెండర్ చేసి పెట్టిన వీడియో, నడుస్తున్న గేమ్ కాదు. 2012లో చూపించిన వాచ్ డాగ్స్‌కీ 2014లో చేతికొచ్చిన వాచ్ డాగ్స్‌కీ తేడా ఎంతలా ఉందంటే దాని మీద ఇప్పటికీ మీమ్స్ తిరుగుతున్నాయి. కాబట్టి "ఇన్ ఇంజిన్" అని రాసి ఉంటే అది గేమ్‌ప్లే అని కాదు, గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ (ఇంజిన్)లో తీసిన సినిమా అని మాత్రమే. స్క్రీన్ మీద హెల్త్ బార్, బుల్లెట్ల లెక్క లాంటివి ఉన్నాయా, కట్ లేకుండా ఒక షాట్ కనీసం అర నిమిషం నడిచిందా, ప్లేయర్ చెయ్యి దేన్నైనా తాకిందా, తాకితే అది కదిలిందా, ఇవి చూడండి, మిగతాదంతా పోస్టర్ కింద లెక్క.

2023లో అన్‌రికార్డ్ ట్రైలర్ వచ్చినప్పుడు అది నిజం పోలీస్ బాడీక్యామ్ వీడియోనే అని చాలామంది వాదించారు, డెవలపర్లు గేమ్ తయారుచేసే ఎడిటర్ తెరిచి చూపించాల్సి వచ్చింది. దాంట్లో కిటుకు సగం కెమెరాదే: అంచుల్లో వంగిపోయే లెన్స్, చేతి వణుకు, ఎండ చోట తెల్లగా మాడిపోయే పిక్చర్. పాడుబడ్డ బిల్డింగ్, మనుషులు చాలా తక్కువ. చీప్ కెమెరా తప్పులన్నీ తెచ్చి పెడితే మన బుర్ర దాన్ని నిజం అని నమ్మేస్తుంది. తప్పేం కాదు, కానీ ఆ బిల్డింగ్‌లో ఒక డ్రాయర్ లాగితే తెరుచుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. అలాగని మరీ అనుమానం కూడా వద్దు, 2018 స్పైడర్‌మ్యాన్ అప్పుడు ఒక నీటి గుంట చిన్నదైందని డౌన్‌గ్రేడ్ చేశారంటూ ఎంత గొడవ చేశారో, డెవలపర్లు గుంట సైజ్ మార్చాం అంతే అని మొత్తుకోవాల్సి వచ్చింది.

ఎంత కావాలో కూడా చెప్పండి

రియలిజం అని అడిగితే కొన్నిసార్లు ఇంటిపనులు ఇస్తారు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో ప్రతి డబ్బా చేత్తో తీసి జేబులో పెట్టుకునే యానిమేషన్ నాకు మొదట్లో భలే నచ్చింది, సగం కథయ్యాక అదే విసుగు. కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్‌లో ఎక్కడపడితే అక్కడ సేవ్ చెయ్యాలంటే ఒక రకం సారా ఉండాలి, జనం గోల పెట్టాక సేవ్ చేసి బయటికెళ్లే ఆప్షన్ ప్యాచ్‌లో పెట్టారు. నా లెక్క ఏంటంటే నేను చేసిన పనికి ఫలితం రియల్‌గా ఉండాలి, ఆ పని చెయ్యడానికి పట్టే టైమ్ రియల్‌గా ఉండక్కర్లేదు. మీ లెక్క వేరే కావచ్చు, సర్వైవల్ గేమ్స్ ఆడేవాళ్లకి ఆ టైమే కిక్కు, అందుకే ఇలాంటివన్నీ మెనూలో ఆన్ ఆఫ్ పెట్టమనడం బెస్ట్.

ఇక అడిగే పద్ధతి. "గ్రాఫిక్స్ ఇంకా రియలిస్టిక్‌గా ఉండాలి" అని రాస్తే దాంతో ఎవరూ ఏమీ చెయ్యలేరు. నాలుగు ముక్కలు ఉండాలి: నేను చేసిన పని, జరగాల్సింది, ఎంతసేపు నిలవాలి, దానికి బదులు నేనేం వదులుకుంటా. నాలుగోది అందరూ మర్చిపోతారు, 16.6 మిల్లీ సెకన్లు అన్నానే, అది ఇక్కడికే. ఉదాహరణకి ఇలా: "మార్కెట్‌లో ఫైట్ జరిగాక విరిగిన బండ్లు గేమ్ టైమ్‌లో రెండు రోజులు అలాగే ఉండాలి, అమ్మేవాళ్లు వచ్చి వాటిని రిపేర్ చేసుకుంటూ కనబడాలి, నన్ను చూస్తే జంకాలి, దీనికోసం మ్యాప్ సగమైనా ఓకే, 4కే లేకపోయినా ఓకే." ఇది చదివిన డిజైనర్‌కి మీరేం కోరుతున్నారో తెలుసు, దేన్ని కొయ్యొచ్చో కూడా తెలుసు.

ఎక్కడ రాయాలంటే ప్లేటెస్ట్‌లు, డెమోలు ఉన్నప్పుడు వచ్చే ఫీడ్‌బ్యాక్ ఫామ్ బెస్ట్, ఎందుకంటే అప్పటికింకా గేమ్ మార్చే వీలుంటుంది. రిలీజ్ అయ్యాక అయితే గేమ్స్ అమ్మే స్టీమ్ సైట్‌లో రివ్యూ, అందులో తిట్లు తర్వాత, మొదటి రెండు లైన్లలోనే అసలు పాయింట్ రాసేయండి. పైన చెప్పిన టెస్టుల్లో ఏది ఫెయిల్ అయ్యిందో చిన్న క్లిప్ తీసి పెట్టండి, ఇరవై సెకన్లు చాలు, ఎడిటింగ్ మ్యూజిక్ ఏమీ వద్దు, గ్రాఫిక్స్ సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ ఒకటి పక్కన పెట్టండి. అదే పని ఇంకో గేమ్‌లో బాగా జరిగితే దాని పేరు కూడా రాయండి, చిన్న టీమ్ చేసిన గేమ్ అయితే ఇంకా మంచిది, "అది మా వల్ల కాదు" అనే ఆన్సర్ అంత ఈజీగా రాదు.